వంతెన వచ్చిందని ఉత్తుత్తి కాగితం అంటించొచ్చా? పెద్దలు సలహా చెప్పండి

గెడ్డ అవతల (పాతపట్నం వైపు)

అందరికీ నమస్కారం. ఒక విషయంలో నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు. మా ఊళ్ళో అడగడానికి ఎవరూ లేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పాతపట్నం వైపు చిన్న ఊరు. ఊరికీ తారురోడ్డుకీ మధ్య గెడ్డ ఉంది. ఎండాకాలం పాదం తడిసేంత నీళ్ళు కూడా ఉండవు. కొండల మీద వాన పడిందా, మా ఊళ్ళో చినుకు లేకపోయినా గంటలో నడుం లోతు వచ్చేస్తుంది. గెడ్డ గట్టు మీద రెండు శిలాఫలకాలు ఉన్నాయి. ఒకటి 2011లో వేసినది, ఇంకొకటి 2018లో వేసినది. రెండింటి మీదా వంతెనకు శంకుస్థాపన అనే ఉంది. వంతెన మాత్రం లేదు. పిల్లలు బడి నుంచి వచ్చేటప్పుడు బట్టలు తడవకుండా పైకెత్తుకొని దాటి, ఇవతల ఆ రాళ్ళ మీదే కూర్చొని కాళ్ళు తుడుచుకుంటారు.

పోయిన ఏడాది ఆగస్టులో మా వదినకు రాత్రి పదిన్నరకు నొప్పులు మొదలయ్యాయి. 108కి ఫోన్ చేస్తే వచ్చింది, కానీ అవతలి గట్టు దగ్గర ఆగిపోయింది. దాని లైటు తిరగడం మాకు ఇవతలకి కనబడుతూనే ఉంది. నులకమంచం మీద పడుకోబెట్టి ఆరుగురు మోశారు. నేను పక్కన వదిన చెయ్యి పట్టుకొని నడిచాను. మధ్యలో కాళ్ళ కింద ఇసుక జారి మంచం ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు వదిన గోళ్ళు నా చేతిలో దిగిన గుర్తులు వారం రోజులున్నాయి. అంబులెన్సు ఎక్కించేలోపే గట్టు మీద పాప పుట్టింది. దేవుడి దయ, ఇద్దరూ బాగున్నారు. పాపకు ఇప్పుడు 10 నెలలు.

ఆ తర్వాత ఒక ఆఫీసులో నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం. ప్రతిసారీ కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజీ వస్తుంది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఆ మెసేజీ వచ్చిన రోజున కూడా మేం గెడ్డలో దిగే దాటాం.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరి కుర్రాళ్ళం, అమ్మాయిలం కలిపి 11 మందిమి ఉన్నాం. మామూలు ధర్నా చేస్తే ఎవరూ చూడరని, జనం మాట్లాడుకునేలా ఏదైనా చెయ్యాలని అనుకున్నాం. 2015లో బెంగళూరు సుల్తాన్‌పాళ్యలో బాదల్ నంజుండస్వామి అనే ఆర్టిస్టు రోడ్డు గుంతలో మొసలి బొమ్మ పెడితే పేపర్లన్నీ రాశాయి, గుంత పూడ్చారు కూడా. ఆ వీడియో అందరం చూశాం. మావాళ్ళలో ఒకడికి ఇంకో ఆలోచన వచ్చింది. వంతెన పనులు ఫలానా తేదీన మొదలవుతున్నాయని ప్రభుత్వ ఉత్తర్వులాగా ఒక కాగితం తయారు చేసి, బస్టాండులో అంటించి, వాట్సాప్ గ్రూపుల్లో పెడదాం అన్నాడు. అప్పుడు విలేకర్లు ఆఫీసుకి ఫోన్ చేస్తారు. ఆఫీసువాళ్ళు మంజూరు కాలేదని నోటితో చెప్పాల్సి వస్తుంది. నాలుగు అర్జీలు పరిష్కారమయ్యాయని రాసినవాళ్ళే అది అబద్ధమని ఒప్పుకున్నట్టు అవుతుంది. వినగానే నాకూ బాగా నచ్చింది. తెలుగు టైపింగ్ నాకు వచ్చు కాబట్టి నేనే టైపు చేశాను.

తప్పులు చూసుకోవడానికి గట్టిగా చదువుతున్నాను. అరుగు మీద మా మామ్మ చింతపండు గింజలు తీస్తోంది. "ఒంతెన ఒచ్చీసిందేటమ్మా? నానుండగానే?" అంటూ లేచింది. కాదు మామ్మా అని నేను చెప్పేలోపే పక్కింటికి వెళ్ళి చెప్పేసింది. సాయంత్రానికి మూడిళ్ళవాళ్ళు వచ్చి అడిగారు. అందరికీ కాదని చెప్పాను. మామ్మ ఏమీ అనలేదు. గింజలు తీసిన చింతపండు, తియ్యని చింతపండు ఒకే చేటలో పోసేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను పుట్టాక ఆవిడ అలా చెయ్యడం ఎప్పుడూ చూడలేదు.

ఒక్కరోజు బాధపడితే పడ్డారు, వంతెన వస్తే వందేళ్ళు ఉంటుంది అని మావాళ్ళు అంటున్నారు. నాకేమో ఆ చేట కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఈ పని చెయ్యొచ్చా? చెయ్యకపోతే ఇంకేం చెయ్యాలి?

పలాస కుర్రాడు

చెల్లీ, నా మాట విని అంటించెయ్యండి. నీ బాధ నాకు అర్థమైంది, కానీ నాలుగు అర్జీలకి కదలనివాళ్ళు ఐదో అర్జీకి కదులుతారా?

భోపాల్ సంగతి తెలుసుకదా. 2004 డిసెంబరు 3, గ్యాస్ లీకై సరిగ్గా 20 ఏళ్ళు. ద యెస్ మెన్ అనే అమెరికా జట్టులో ఒకాయన, జూడ్ ఫినిస్టెర్రా అని పేరు మార్చుకొని, నేను డౌ కెమికల్ తరఫు మనిషిని అని బీబీసీ వరల్డ్ చానల్లో కూర్చున్నాడు. గ్యాస్ లీకైన ఫ్యాక్టరీ యూనియన్ కార్బైడ్‌ది, ఆ కంపెనీని 2001లో కొనుక్కున్నది డౌ కంపెనీయే. ఆయన ఏమన్నాడంటే, భోపాల్ బాధ్యత పూర్తిగా మాదే, బాధితులకు 1200 కోట్ల డాలర్లు ఇస్తున్నాం అన్నాడు. ప్రపంచమంతా విన్నది. మార్కెట్లో కంపెనీ షేరు పడింది. గంటల్లోనే కంపెనీ బయటికొచ్చి అదంతా అబద్ధం, మేమేమీ ఇవ్వడం లేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. 20 ఏళ్ళలో ఎన్ని ఊరేగింపులు తీసినా ఆ మాట వాళ్ళ నోటి నుంచి అంత గట్టిగా వచ్చిందా?

మీవాడి ఆలోచన కూడా అచ్చం అదే. లేదు అని వాళ్ళ చేత అనిపించడం. నేనైతే వెనకాడను. పోస్టరు ప్రింటు ఖర్చు నేను పంపిస్తాను.

రంగస్థలం మాస్టారు (విజయనగరం)

అమ్మాయీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు 71 ఏళ్ళు. తెలుగు పంతులుగా రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి నాటకాల పిచ్చి. నీకు జవాబు చెప్పాలంటే నా మొదటి వేషం గురించి చెప్పాలి.

నాకు 14 ఏళ్ళప్పుడు కన్యాశుల్కంలో మహేశం వేషం ఇచ్చారు. మా ఊరి నాటకమే అది. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడవారు దాన్ని బాగా పెంచి 1909లో మళ్ళీ వేశారు, మనం చదువుతున్నది అదే. కథ నీకు తెలిసే ఉంటుంది. చిన్నపిల్ల సుబ్బిని డబ్బు తీసుకొని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోతారు. పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఆ పెళ్ళి తప్పించడానికి ఎత్తు వేస్తాడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తక్కువ డబ్బుకి ఈ పిల్లనిస్తానని ముసలాయనకి ఆ కుర్రాణ్ణే ఇచ్చి పెళ్ళి చేస్తాడు. అంటే ఆ కాలపు దురాచారం మీద గురజాడ ఎత్తిన ఆయుధం ఉపన్యాసం కాదు, ఒక ఉత్తుత్తి పెళ్ళికూతురు. మా అక్క చీర కట్టుకొని నేను పెళ్ళిపీటల మీద కూర్చుంటే జనం చప్పట్లు ఆగలేదు. ఆ రోజు నుంచి నాకు ఈ రకం ఎత్తులంటే ప్రాణం. కాబట్టి నేను వద్దనే మనిషిని కాదు, ముందే చెబుతున్నాను.

కానీ చాలామంది ఆ పెళ్ళి దగ్గరే నవ్వి ఊరుకుంటారు. తర్వాత ఏం జరిగిందో చూడు. పెళ్ళికూతురు మాయమైపోతుంది. మాయమవక ఏంచేస్తుంది, అది మగపిల్లాడు కదా. ఊళ్ళో ఏమంటారు? ముసలాడు పెళ్ళాన్ని చంపేశాడంటారు. లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. ఆ ముసలాడు లోభి, దురాశాపరుడు, నిజమే. కానీ ఖూనీ చెయ్యలేదు. చివరికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి అసలు సంగతి బయటపెట్టేదాకా ఆ ముడి విడదు. ఎత్తు వేసినవాడు పనైపోయిందని వెళ్ళిపోయాడు, ముడి విప్పే బరువు ఇంకొకరి మీద పడింది. నేను 40 ఏళ్ళు పిల్లలకి ఆ పాఠం చెప్పాను. ఎత్తు వెయ్యడం ఎంత బాగా రాశాడో, అది చెయ్యిదాటి ఎక్కడికి పోతుందో కూడా అంత బాగా రాశాడాయన.

మన పలాస బాబు చెప్పిన భోపాల్ సంగతిలో కూడా ఒక ముక్క మిగిలిపోయింది బాబూ. ఆ మాట టీవీలో విన్నవాళ్ళలో భోపాల్ బాధితులు కూడా ఉన్నారు. వాళ్ళు కొన్ని గంటలపాటు నిజమని నమ్మారు. ఆ జట్టు మీద వచ్చిన పెద్ద విమర్శ అదే. కంపెనీ పరువు పోయింది, మంచిదే. కానీ 20 ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళకి డబ్బులొస్తున్నాయని చెప్పి రావడం లేదని చెప్పడం, అది కంపెనీకి తగిలిన దెబ్బ కాదు కదా.

మన తెలుగువాళ్ళకి చెవిలో పువ్వులు పెట్టుకొని నిరసన చెయ్యడం అలవాటే. ప్రభుత్వం మా చెవిలో పువ్వు పెట్టింది, చూడండి అని చూపించడం. అది ఎంత అందమైన నిరసన! నీ కాగితం దగ్గర కూడా ఆ ఒక్క ప్రశ్నే వేసుకో తల్లీ. ఈ పువ్వు ఎవరి చెవిలోకి పోతుంది? మీరు ఆఫీసు చెవిలో పెడదామనుకున్నారు. మొదట వెళ్ళింది మీ మామ్మ చెవిలోకి.

మా చిన్నప్పుడు పగటివేషాలవాళ్ళు వచ్చేవారు. పట్టపగలు వీధిలో కరణం వేషం, సోమయాజి వేషం, కోమటి వేషం వేసి, ఆ కరణం ఇంటి ముందే కరణాన్ని ఉతికి ఆరేసేవారు. కొన్నాళ్ళు ఆడి చివర్లో సంభావన తీసుకొని వెళ్ళిపోయేవారు. అది వేషమని చూసేవాళ్ళందరికీ తెలుసు. తెలిసే నవ్వుతారు. కరణానికీ తెలుసు, అయినా తలెత్తుకోలేడు. అక్కడ ఎవరూ మోసపోలేదు, కానీ చురక తగలాల్సినవాడికి తగిలింది.

అందరికీ తెలిస్తే ఇంక పదునేం ఉంటుంది అని ఎవరైనా అంటారేమో. మా మనవడు నాకు ఒక సంగతి చూపించాడు. సెర్బియాలో మిలోసెవిచ్ ఏలుబడిలో ఓట్‌పోర్ అనే కుర్రాళ్ళ జట్టు ఉండేది. బెల్‌గ్రేడ్‌లో నడివీధిలో ఒక పీపా పెట్టి దానిమీద మిలోసెవిచ్ ముఖం వేశారు. పక్కన ఒక కర్ర పెట్టారు. నాణెం వేసి ఒక దెబ్బ కొట్టొచ్చు. పెట్టినవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. దారిన పోయేవాళ్ళు వరసకట్టి కొట్టారు. పోలీసులు వచ్చారు. ఎవర్ని పట్టుకోవాలి? సంచులు పట్టుకొని బజారుకొచ్చినవాళ్ళనా? చివరికి పీపాను పట్టుకుపోయారు! ఆ ఫోటోలు చూసి దేశమంతా నవ్వింది. పీపాను వదిలేస్తే జనం కొడుతూనే ఉంటారు, పట్టుకుపోతే నవ్వుతారు. రెండువైపులా వాళ్ళకే ఇబ్బంది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు చూశావా? 2000 అక్టోబరులో మిలోసెవిచ్ దిగిపోయాడు. పీపా వల్లే దిగిపోయాడని నేను చెప్పను, దానికి ఎన్నికలున్నాయి, లక్షలమంది రోడ్డు మీదకి రావడం ఉంది. కానీ భయం పోవడం అలాంటి చోట్లే మొదలవుతుంది.

మీ ఊళ్ళో మీకు పీపా అక్కర్లేదు. రెండు శిలాఫలకాలున్నాయి. వాటికంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? వాటి మీద తేదీలున్నాయి కదా, ఆ తేదీన వాటికి పుట్టినరోజు చెయ్యండి. పసుపు రాసిన కార్డులు కొట్టించి శంకుస్థాపన చేసిన పెద్దల దగ్గర నుంచి ఆఫీసు దాకా అందరికీ చేతికిచ్చి పిలవండి. వస్తే రాయి పక్కన నిలబడాలి, రాకపోతే పిలిచినా రాలేదన్న మాట మిగులుతుంది.

కోర్టు మెట్లు (శ్రీకాకుళం, అడ్వొకేట్)

మాస్టారు చెప్పింది మనసు సంగతి. నేను కేసు సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలు బెయిలు కోసం మా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తున్నాను.

అమ్మా, ఆ కాగితం అసలు బయటికి పోనివ్వకు. నీ ఫోన్లోంచి కూడా తీసెయ్యి. ఉత్తర్వు నంబరు, సంతకం, రాజముద్ర పెట్టి కాగితం తయారు చేస్తే అది నిరసన అని పోలీసులు చూడరు, ఫోర్జరీ అని చూస్తారు. జాతీయ చిహ్నాన్ని అలా వాడకూడదని 2005లో చట్టమే ఉంది. తప్పుడు సమాచారం పంచారని భారతీయ న్యాయ సంహితలో 353 సెక్షన్ కూడా చూపిస్తారు. తర్వాత కోర్టులో నిలుస్తాయా లేదా అనేది వేరే మాట. కేసు నడిచే ఆ ఏళ్ళే అసలు శిక్ష. 2012లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర ముఖ్యమంత్రి మీద ఒక కార్టూను ఈమెయిల్లో పంపినందుకు అరెస్టయ్యారు. ఆయన మీద పెట్టిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా ఆయన పూర్తిగా బయటపడేసరికి 2023 జనవరి వచ్చింది. ఆయన పంపింది వట్టి బొమ్మ. మీరు పెడతానంటున్నది ప్రభుత్వ కాగితం. మీ 11 మందిలో డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో చదువుతున్నవాళ్ళు ఉండే ఉంటారు. వెరిఫికేషన్లో ఎఫ్‌ఐఆర్ కనబడితే ఏమవుతుందో వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాలి. పలాస తమ్ముడూ, పోస్టరు ఖర్చు పంపుతానన్నావు, వాయిదాలకి తిరిగే ఖర్చు కూడా పంపుతావా? కోపంతో అనడం లేదు, నిజంగా అడుగుతున్నాను.

పుట్టినరోజు ఆలోచన మంచిది. దానికి చెయ్యాల్సినవి చెబుతాను. కార్డు మీద కింద, ఇది ఊరివాళ్ళు వేసిన కార్డు, ప్రభుత్వానిది కాదు అని స్పష్టంగా ఒక లైను ఉండాలి. ఎవర్నీ పేరుపెట్టి దొంగ అనొద్దు. రాయి మీద ఏ పేర్లున్నాయో అవి రాయి మీద ఎలాగూ ఉన్నాయి, మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు. నిజం, అదీ జనం మేలు కోసం చెప్పిన నిజం, పరువునష్టం కాదని చట్టమే మినహాయింపు ఇచ్చింది, కానీ నిజమని చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి. పోలీసు చట్టం సెక్షన్ 30 (సభలకి, ఊరేగింపులకి ముందే అనుమతి తీసుకోవాలనేది) అమల్లో ఉందేమో స్టేషన్లో కనుక్కోండి, ఎంతమంది, ఎన్ని గంటలకి, ఎక్కడ అనేది ఎస్సైగారికి రాసిచ్చి రసీదు తీసుకోండి.

అన్నిటికంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇలా అడగండి: 2011, 2018 పనులకు పరిపాలన అనుమతి కాపీ, అంచనా కాపీ, టెండరు వివరాలు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, ఇప్పటిదాకా చేసిన చెల్లింపులు, మీ నాలుగు అర్జీలు ఏ కారణంతో మూసేశారో ఆ నోట్. ఎందుకు, ఏమిటి అని ప్రశ్నలు వెయ్యొద్దు, కాగితాలే అడగండి. పుట్టినరోజు నాడు విలేకరి వచ్చి అసలేమైంది అంటే చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

పలాస కుర్రాడు

వాయిదాల ఖర్చు దగ్గర నాకు నోరు పడిపోయింది మేడమ్. భోపాల్‌లో బాధితులు నమ్మారన్న సంగతి నేను వీడియోలో చూశాను, కానీ దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. మా చిన్నాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. మంచి నీళ్ళు రేపే వస్తున్నాయి అని ఎవడైనా మా ఇంటి గోడకి ఉత్తుత్తి కాగితం అంటిస్తే నేనేం చేసేవాణ్ణో ఇప్పుడు ఊహించుకున్నాను. చెల్లీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కార్డుల ఖర్చు పంపుతాను.

ఎస్.కోట అప్ప

నాది ఒక్కటే మాట. మీరేం చేసినా చెయ్యండి గానీ, ఆఫీసరుకి చీర, గాజులు పంపే పని మాత్రం చెయ్యొద్దు.

మా వైపు రోడ్డు కోసం ఒకసారి ధర్నా జరిగింది. మా కొండమీద ఊళ్ళ నుంచి ఆడవాళ్ళం 30 మందిమి నడిచి దిగాం. అక్కడ నాయకులు పళ్ళెంలో చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి ఆఫీసరుకి ఇచ్చి, పని చేతకాకపోతే ఇవి వేసుకో అన్నారు. అందరూ ఈలలు వేశారు. నా పక్కన ఉన్నావిడ ముందు నెలలోనే కూతుర్ని డోలీలో మోసుకొని దిగింది. ఆవిడ చేతినిండా గాజులే. ఆ పళ్ళెం చూసి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. డోలీ ముందు కొస ఒక పూట మోసినవాడికి తెలుస్తుంది ఆ గాజుల బలం ఎంతో. ఇంకెప్పుడూ అలాంటి చోట నిలబడనని ఆ రోజే అనుకున్నాను.

ఎగతాళి ఎవరి మీద చేస్తున్నామో పట్టించుకోవాలి. దున్నపోతుకి వినతిపత్రం ఇస్తే దున్నపోతు ఏమీ అనుకోదు. గుంతల్లో వరినాట్లు వేస్తే ఎవరూ చిన్నబోరు, పైగా నాటు వేసేది ఆడవాళ్ళే కాబట్టి ఫోటోలో ముందు మనమే ఉంటాం. మీ శిలాఫలకం పుట్టినరోజు కూడా అలాంటిదే, నాకు నచ్చింది. కానీ కేకు కుర్రాళ్ళ చేత కోయించకండి. గెడ్డ గట్టు మీద పుట్టిన ఆ పాప చేత కోయించండి.

గెడ్డ అవతల (పాతపట్నం వైపు)

అందరికీ మళ్ళీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మాస్టారి జవాబు మా 11 మందికీ చదివి వినిపించాను. మహేశం సంగతి దగ్గర అందరూ నవ్వారు. ఖూనీ కేసు దగ్గర ఆగిపోయారు. ఉత్తర్వు తయారు చేద్దామన్న కుర్రాడే కాగితం చింపేశాడు. వాడు కానిస్టేబుల్‌కి చదువుతున్నాడు. అడ్వొకేటుగారూ, మీరు చూసి చెప్పినట్టే ఉంది.

సమాచార హక్కు దరఖాస్తు ముందు వేశాం. 2018 శిలాఫలకం మీద తేదీ జూలై 9. అంటే ఈ ఏడాదికి ఏడో పుట్టినరోజు. పాతపట్నంలో 100 కార్డులు కొట్టించి నాలుగు మూలలా పసుపు రాశాం. కార్డు మీద ఇలా ఉంది: "మా ఊరి గెడ్డ గట్టు మీద వెలసిన చిరంజీవి శిలాఫలకానికి ఏడవ ఏడు నిండిన సందర్భంగా జన్మదిన వేడుక. ఈ రాయిని నాటిన పెద్దలు, దాని బాగోగులు చూడవలసిన అధికారులు, బంధుమిత్రులు విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన. రాకపోకలకు గెడ్డలో దిగవలెను. ఇట్లు, వంతెన కోసం ఎదురుచూస్తున్న ఊరివారు." అడుగున పెద్ద అక్షరాలతో, ఇది ఊరివాళ్ళ కార్డు, ప్రభుత్వ కాగితం కాదు, వంతెన ఇంకా మొదలు కాలేదు అని వేశాం. ఆ చివరి లైను పెడితే పస పోతుందేమో అని నాకు అనుమానం ఉండేది. జనం ఎక్కువగా ఆ లైనే చదివి పక్కవాళ్ళకి చూపించారు.

ఆఫీసులో కార్డు ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. తీసుకున్న ఉద్యోగి కార్డు చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ వేసి కూర్చోమన్నారు. నాలుగుసార్లు వెళ్ళాం, కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి.

జూలై 9న బుధవారం. పొద్దున్నే గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు. స్టేషన్ నుంచి ఇద్దరు వచ్చి, చెప్పులు చేతపట్టుకొని దాటి, చివరిదాకా ఉన్నారు. విలేకర్లు ముగ్గురు వచ్చారు, వాళ్ళూ పంట్లాలు మడతపెట్టుకొని దాటాల్సి వచ్చింది. పేపర్లో పడిన ఫోటో రాయిది కాదు, ఆ దాటడం ఫోటోనే. రాయిని పిల్లలు కడిగారు. మామ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పా, మీరు చెప్పినట్టే పాప చేత కేకు కోయించాం. వదిన దాని చెయ్యి పట్టుకుంది. పాప క్రీము తీసి రాయి మీద ఉన్న పేర్లకి రాసింది. అది మేం చెప్పించింది కాదు.

పిలిచిన పెద్దలెవరూ రాలేదు. వాళ్ళకని వేసిన ఐదు కుర్చీల మీద వాళ్ళ కార్డులు పెట్టి, కుర్చీలు అలాగే ఖాళీగా ఉంచాం.

తర్వాత సోమవారం ఒక ఇంజినీరుగారు టేపు పట్టుకొని వచ్చారు. రెండు గట్ల మధ్య కొలిచి, మర్రిచెట్టు మీద ఎర్ర పెయింటుతో గీత పెట్టారు. కొత్త అంచనా పంపుతామన్నారు. మావాళ్ళు సంబరపడ్డారు. మామ్మ మాత్రం ఆయన దగ్గరికి వెళ్ళి, పాపను చూపించి, "ఈ గుంటకి పెళ్ళీడొచ్చేలోగా కట్టండి బాబూ" అంది. ఆయన తప్పకుండా అనలేదు. చూస్తానమ్మా అన్నారు. ఆ మాట కొంచెం నయమనిపించింది, ఎందుకంటే తప్పకుండా అని చెప్పినవాళ్ళ రాళ్ళు మా దగ్గర రెండున్నాయి.

సమాచార హక్కు జవాబు 28వ రోజుకి వచ్చింది. 2018 పనికి గడువులోగా పని మొదలు కాలేదని నిధులు వెనక్కి వెళ్ళిపోయాయట. 2011 పని ఫైలు దొరకలేదని రాశారు. అర్జీలు మూసిన నోట్ ఇవ్వలేదు. అడ్వొకేటుగారూ, దానిమీద అప్పీలు ఎలా రాయాలో విడిగా అడుగుతాను.

నిన్న రాత్రి కొండల్లో వాన పడింది. ఈ రోజు పొద్దున్న గెడ్డ ఎర్ర గీత దాకా వచ్చింది. పిల్లలు బడికి వెళ్ళలేదు. 2011 శిలాఫలకం పుట్టినరోజు నవంబరు 24న. ఫైలు దొరకని రాయి కదా, ఈసారి కార్డులో ఏం రాయాలో మామ్మ చెబుతానంది. మాస్టారూ, రాసి మీకు చూపిస్తాను, తప్పులు దిద్దండి.